సాలెపురుగుకు జాగా వెదికిన జ్యోతి

బెంగుళూరు బస్సు ముదిగుబ్బలో ఆగగానే అందరూ సంచులు భుజాన వేసుకుని దిగారు. జ్యోతి మాత్రం ఒక గాజుపెట్టెను పసిబిడ్డలా పొట్టకు అదుముకుని దిగింది. పెట్టెలో మట్టి, మట్టి మీద బోర్లించిన కొబ్బరి చిప్ప, చిప్ప కింద అరచేయంత సాలెపురుగు. ఒళ్ళంతా నల్లటి నూగు, మోకాళ్ళు మాత్రం పండు మిరపకాయ రంగు. దీన్ని టరాంటులా అంటారని తమ్ముడు వీరేషు చెప్పాడు. వాడు బెంగుళూరులో కారు డ్రైవరు. వాడి ఓనరు ఊరు వదిలిపోతూ దీన్ని వాడి చేతిలో పెట్టాడు. గదిలో ఉండే స్నేహితులేమో ‘అదైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి’ అన్నారు. "ఎవరికిచ్చేదక్కా?" అని వాడు ఫోన్లో అడగడమే ఆలస్యం, "నాకే!" అని అరిచి, మర్నాడే బస్సెక్కింది జ్యోతి.

జ్యోతికి చిన్నప్పటి నుంచీ పురుగులంటే పిచ్చి. మొదటి వానకు ఎర్రనేల మీద ఆరుద్ర పురుగులు పాకితే, అగ్గిపెట్టెలో వేసుకుని బడికి పోయేది. పెళ్ళయి ఈ ఊరొచ్చి, కుట్టుపనిలో పడ్డాక ఆ పిచ్చి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె కుట్టిన జాకెట్టు ఒంటికి అతికినట్టుంటుందని ఊరంతా చెప్పుకుంటారు. అంత పేరున్న మనిషికి అత్తగారింట్లో తనదంటూ ఒక్క మూల లేదు. బీరువా అత్తది, టీవీ మొగుడిది, వసారాలో ఉన్న కుట్టు మిషను వచ్చేపోయే వాళ్ళందరిదీ. ఈ పురుగు మాత్రం అచ్చంగా తనది. ఆ ఆనందంతో బస్టాండు నుంచి ఇంటిదాకా దాదాపు పరుగెత్తింది.

గడపలోనే అత్త సిద్దమ్మ అడ్డం నిలబడింది.

"ఏందిమే అది? మండ్రగబ్బా?"

"తేలు గాదత్తా, సాలెపురుగు. మన జోలికి రాదు."

"సాలెపురుగును పొరకతో కొడ్తారు గానీ సాకుతారామే యాడన్నా? సరే, తెస్తివి. పొద్దుగూకే లోపల దానికొక జాగా చూపించు. దానికీ బాగుండల్ల, మాకూ అడ్డం గాకుండా ఉండల్ల. అట్లాంటి జాగా దొరక్కుంటే రేపటి బస్సుకు వాపసు పంపించు."

ఇక చూడాలి జ్యోతి హడావిడి! ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో వీరేషు మాట్లాడుతున్న ఫోను పట్టుకుని, కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ముందు మిషను పక్కన పెట్టింది, కుడుతూ కుడుతూ చూసుకోవచ్చని. తొక్కడం మొదలుపెట్టగానే పురుగు కాళ్ళు ముడుచుకుని మూలకు నక్కింది.

"అదురు దానికి పడదక్కా," అన్నాడు వీరేషు.

టీవీ పక్కన పెట్టబోతే, "క్రికెట్టు చూస్తాంటే అది నన్ను చూస్తాంటాది, వద్దే తల్లీ," అని మొగుడు ఓబిలేషు దండం పెట్టాడు. ఆటో తోలి వచ్చి అప్పుడే మంచమెక్కిన మనిషి. "వాస్తు చూసి పెట్టు. ఎనిమిది కాళ్ళుండాయి కదా, దిక్కుకొక కాలు," అని పడీ పడీ నవ్వాడు కూడా.

వంటింట్లో తిరగమోత పొగ. దేవుని పటాల దగ్గర అగరొత్తుల పొగ. విత్తనం వేరుశెనగ కాయల మూటలుండే గది చల్లగా, చీకటిగా ఉందని మురిసిపోయిందిగానీ, గుప్పున పురుగుమందు పొడి వాసన కొట్టింది. పెట్టెను కొంగు చాటున పెట్టుకుని ఒక్క దూకున బయటికొచ్చింది. కిటికీ దగ్గర ఎండ. మంచం కింద చీమలు. జాగా లేని ఇల్లయితే కాదు, మరి దీనికి ఎందుకు దొరకదు? జ్యోతికి ఉక్రోషం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

"ఒరేయ్ వీరేషా, యాడా కుదరలేదురా. దానికి మంచి గూడొకటి గావల్ల, అంతే," అంది. ఆమె చెప్పింది పురుగు దూరి పడుకునే గూడు గురించి, చిప్పకు బదులు పగిలిన కుండ పెంకో ఏదో.

వక్క నములుతున్న సిద్దమ్మ దిగ్గున లేచింది.

"ఓహో! తిరిగి తిరిగి నా గూటి మిందకు వచ్చినావా?"

నడింట్లో, రాతిగోడలో ఆమె గూడొకటుంది. ఆకువక్క సంచి, కళ్ళజోడు, సున్నం డబ్బీ అందులోనే ఉంటాయి. దాని మీద కొడుకు కూడా చెయ్యి వెయ్యడు. జ్యోతికి అంతదాకా ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడు తలెత్తి చూసింది. మూరెడు మందం గోడ. ఎండ పడదు, అదురు లేదు, పొగ రాదు. పెట్టె సరిగ్గా పడుతుంది.

"అత్తా... నేను ఆ గూడు అనలే. కానీ దానికి ఆడనే బాగుంటాది," అంది, నాలుక్కరుచుకోకుండానే.

ఓబిలేషు నవ్వడం ఆపేశాడు. సిద్దమ్మ గూటి దగ్గరకు పోయింది. కోపంగా సంచి తీసుకోబోయింది. సంచిలోంచి బొద్దింక ఒకటి ఎగిరి నేల మీద పడింది. ముసలామె చటుక్కున వంగి దాన్ని పట్టేసి, "ఇది తింటాదామే?" అంది.

"నడింట్లో మందు కొట్టలేదు కదా, తింటాది!"

మూత తీసి వేశారు. బొద్దింక రెండడుగులు నడిచిందో లేదో, చిప్ప కింద నుంచి ఎర్ర మోకాళ్ళు ఒక్కసారి మెరిశాయి.

"పట్టెరా! పట్టె!" సిద్దమ్మ కేకకు పక్కింటి కుక్క మొరిగింది. "నా ఆకులు కొరికి సంపుతాండె ముండ! బాగా అయింది!" అంటూ కోడలి భుజం మీద చరిచింది. ఇద్దరూ నేల మీద కూర్చుని, తలలు ఆనించుకుని పెట్టెలోకే చూస్తుండిపోయారు.

కాసేపటికి సిద్దమ్మ లేచి గూట్లోని సామాను ఒక్కొక్కటే కొంగులో వేసుకుంది.

"అయ్యో అత్తా, దానికోసరం నీ గూడు..."

"దానికి ఎవురిస్తాండారు?" అంది సిద్దమ్మ. "నేను ఈ ఇంటికొచ్చిన దినం మా అత్త ఈ గూడు చూపించి, నీ సామాన్లు ఈడ పెట్టుకోమ్మా అనింది. ఇంటికొచ్చిన పిల్లకు అట్ల ఒక జాగా చూపించల్ల. నువ్వొచ్చి ఇన్నేండ్లాయె, నేను నీకు ఏ గూడూ చూపించలే. ఇది నీకిస్తాండా. దాంట్లో పురుగును పెట్టుకుంటావో, బంగారు పెట్టుకుంటావో నీ ఇష్టం."

జ్యోతి లేచింది. తడిగుడ్డ తెచ్చి గూడు తుడిచింది. సున్నం మరకలు పోయేదాకా, పోయిన తర్వాత కూడా, తుడుస్తూనే ఉంది.