ఎలీయాజరు జీపుకి కొత్త కమాన్లు

పొద్దున లేవగానే కొందరు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు, కొందరు టీ నీళ్ళు పొయ్యి మీద పెడతారు. ఎలీయాజరు మాత్రం తిన్నగా జీపు దగ్గరికి వెళ్ళి, వెనక చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య చెయ్యి దూర్చి చూస్తాడు. ప్రార్థన ఆ తర్వాతే. ఈ సంగతి పాస్టరుగారికి చెప్పేస్తానని భార్య దయావతి చాలాసార్లు బెదిరించింది గానీ ఇంతవరకూ చెప్పలేదు. చెప్పినా ఆ మనిషి మారడని ఆవిడకి తెలుసు.

అతని తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఒడిశాలోని జేకేపూర్ కాగితం మిల్లులో పనికని వచ్చాడు. ఎలీయాజరు ఆ కాలనీలోనే పుట్టాడు. మీసాలు రాకముందు లారీ క్లీనరు, వచ్చాక డ్రైవరు. నడుం పట్టేసేదాకా కొండల్లోంచి మిల్లుకి వెదురు తోలాడు. వెదురు లారీ వెనక కూలబడి నడిచిందంటే దాన్ని తోలేవాడికి తలవంపులే. హోటల్ దగ్గర టీ తాగుతుంటే తోటి డ్రైవర్లు నవ్వేవారు. లారీ మానేసి, గుడారిలో ఒక చిన్న చర్చి ఆసుపత్రి జీపుకి డ్రైవరుగా కుదిరాక కూడా ఆ తలవంపుల భయం అతన్ని వదల్లేదు.

ఆ జీపేమో నిజంగానే కూలబడింది. ఇనుప పట్టీలని ఒకదాని కింద ఒకటి పేర్చి, విల్లులా వంచి కడితే అది కమాను. బండి వెనక బరువంతా మోసేది అదే. ఏళ్ళ తరబడి కొండ దారుల్లో తిరిగి జీపు కమాన్లు విల్లు రూపం మరిచిపోయి తిన్నగా సాగిలపడ్డాయి. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఒకప్పుడు జానెడు సందు ఉండేది. ఇప్పుడు రెండు వేళ్ళు దూరడమే గగనం.

అందుకని జనాన్ని ఎక్కనిచ్చేవాడు కాదు. ముఖ్యంగా కెందుపదర్ జనాన్ని. గుడారికి పైన, తారురోడ్డు ఆగిపోయాక రాళ్ళ దారిలో చాలాదూరం ఎక్కితే వస్తుంది ఆ ఊరు. నర్సు దొర్కా నెలకోసారి మందులు తీసుకుని అక్కడికి వెళ్తుంది. అదే జీపులో బియ్యం బస్తాలూ నూనె డబ్బాలూ కూడా వెళ్తాయి. తిరిగొచ్చేటప్పుడు కాన్పుకో జబ్బుకో ఒక మనిషిని దించుకొస్తారు. ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. కాన్పుకి ఆడమనిషి కొండ దిగుతుంటే ఊరంతా వెంట వస్తుంది, సగం దారిలో ఉన్న వాగు దాకా. వాగు దగ్గర ఆగిపోతారు, దాటరు. ఊరివైపు ఒడ్డున తనవాళ్ళు నిలబడి ఉంటేనే వెళ్ళినామె మళ్ళీ అదే దారిన ఇంటికొస్తుందని వాళ్ళ నమ్మకం. వచ్చేవాళ్ళు ఊరికే రారు, జీపు ఎక్కబోతారు. ఎలీయాజరు వాళ్ళ భాషలో, వచ్చీరాని దేశియా మాటల్లో కసిరి దింపేసేవాడు. వాళ్ళేమీ అనుకోకుండా జీపు వెనక దుమ్ములో నడిచేవారు.

చివరికి ఆసుపత్రివాళ్ళు కొత్త కమాన్లు వేయించడానికి ఒప్పుకున్నారు. ఎలీయాజరు పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు ఉతికిన చొక్కా వేసుకుని రాయగడ బయల్దేరాడు. బస్టాండు వెనక భీమారావు షెడ్డు ఉంది. భీమారావు లారీల కాలం నాటి స్నేహితుడు, ఆ చుట్టుపక్కల కమాన్లు అతను కట్టినట్టు ఎవరూ కట్టరని పేరు.

భీమారావు మూడు దారులు చెప్పాడు. పాతవాటినే కొలిమిలో కాల్చి మళ్ళీ వంచి వాడుకోవచ్చు, కొన్నాళ్ళు ఆగుతాయి. జీపుతో మొదట వచ్చినటువంటి కొత్త జత వేసుకోవచ్చు, మెత్తగా నడుస్తుంది, బరువెక్కితే మాత్రం వంగుతుంది. లేదా మందం పట్టీలతో, ఒక పట్టీ ఎక్కువ వేసి కట్టిన గట్టి జత ఉంది. ఎంత బరువేసినా వంగదు. ఎలీయాజరు చెయ్యి అప్పటికే ఆ మూడో జత మీద ఉంది. నల్లగా, నూనె పూసి, కొత్త ఇనుము వాసనతో అవి అతని కళ్ళకి ముద్దొస్తున్నాయి.

"బావా, అవి నిండు బండికి," అన్నాడు భీమారావు. "ఖాళీగా తిప్పేవంటే ఎగరేసి కొడతాది. ఎనకాతల ఏటి ఎక్కిస్తావో ముందది సెప్పు."

ఎలీయాజరు బియ్యం బస్తాల నుంచి మొదలుపెట్టి అన్నీ ఏకరువు పెట్టాడు. ఖాళీగా ఎప్పుడు తిరుగుతుందని ఎదురు ప్రశ్న వేశాడు. భీమారావు రెంచీ అందుకున్నాడు.

వెదురు లారీ తోలినవాడి బుర్ర అలాగే ఉంటుంది మరి. అడవి నుంచి మిల్లుకి వచ్చే దారే వాడికి దారి. ఖాళీ లారీతో వెనక్కి వెళ్ళేది ప్రయాణం కిందికే రాదు, పాటలు పెట్టుకుని పోవడమే. జీపు సంగతి దానికి తిరగబడి ఉందని ఎలీయాజరుకి తట్టలేదు. ఇక్కడ బస్తాలు కొండ ఎక్కుతాయి, మనిషి కొండ దిగుతుంది. ఏ దారికి కమాన్లు కొనాలో ఆ దారి వదిలేసి, రెండో దారికి కొన్నాడు. కొని, ఇంటికొచ్చి, మడ్‌గార్డు కింద జానెడు సందు చూసుకుని, ఎత్తుకున్న పిల్లాణ్ణి చూపించినట్టు దయావతికి చూపించాడు.

వానలు తగ్గాక కెందుపదర్‌కి మొదటి ప్రయాణం. నిండు బరువుతో జీపు కొండని అలవోకగా ఎక్కేసింది. ఎలీయాజరు దారంతా ఈల వేశాడు. ఊళ్ళో బస్తాలు దించి, ఎవరి బియ్యం వాళ్ళు పట్టుకెళ్ళిపోయాక, దొర్కా ఒక ఇంట్లోంచి గబగబా బయటికొచ్చింది. ఆ ఇల్లు ఊరిపెద్ద లక్ష్మణుడిది. అతని కోడలు సుక్మికి తొలిచూలు, నెలలు నిండుతున్నాయి. నొప్పులు లేకుండానే తెల్లవారుజాము నుంచి రక్తం పోతోంది.

దొర్కా అతన్ని పక్కకి పిలిచింది. చిన్నప్పటి నుంచి ఒకే చర్చిలో పెరిగిన పిల్ల, అతన్ని బాబాయి అంటుంది.

"మాయ కిందికి జారి ఉన్నాది బాబాయి. గట్టి కుదుపు తగిలిందంటే రక్తం ఆగదు. తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. మెల్లగా దించాల."

కొండ అంచున సిగ్నల్ దొరికే బండ ఒకటుంది. దాని మీదెక్కి ఫోన్ చేస్తే, అంబులెన్సు తారురోడ్డు చివర వచ్చి ఉంటుందన్నారు. అక్కడి నుంచి రామనగుడ మీదుగా గుణుపురం పెద్దాసుపత్రికి. డోలీ కట్టి భుజాల మీద దించుదామంటే అంతసేపు ఆగే ప్రాణం కాదంది దొర్కా. జీపే దిక్కు.

పరుపు పరిచి సుక్మిని పడుకోబెట్టారు. దొర్కా పక్కన కూర్చుంది. ఊరు దాటీదాటకముందే మొదటి గుంత వచ్చింది. ఎలీయాజరు పురుగు పాకినట్టు పోనిచ్చాడు. అయినా ఖాళీ జీపు వెనక భాగం గాలిలోకి లేచి దభీమని పడింది. సుక్మి కేక వేసింది. దొర్కా రెండు చేతులతో అతని సీటు వెనక బాదింది.

అతను దిగి వెనక్కి వచ్చి చూశాడు. పరుపు మీద రక్తం. మడ్‌గార్డు కింద జానెడు సందు, నిన్నటిదాకా ముద్దు చేసిన సందు. రాయగడ షెడ్డులో భీమారావు అడిగిన మాట చెవిలో గింగురుమంది. టైర్లలో గాలి కొంత తీశాడు. అది చాలదని తీస్తున్నప్పుడే తెలుసు. ఈ కమాన్లు మెత్తబడాలంటే ఒకటే మార్గం, బరువెయ్యాలి. పొద్దున్న వచ్చినంత బరువు.

జీపు వెనక ఎప్పటిలాగే ఊరు నడిచి వస్తోంది. ఎలీయాజరు వాళ్ళని చూసి, దారి పక్క రాళ్ళు చూపించి, బండిలోకి ఎత్తమని చెప్పాడు. లక్ష్మణుడు ఒక రాయి ఎత్తి చూసి, సుక్మి పడుకున్న చోటు చూసి, రాయి కింద పెట్టేశాడు. కుదుపుకి ఆ రాళ్ళు దొర్లి పిల్ల మీద పడవా అని అడిగాడు. తర్వాత అతను అన్న మాట దేశియాలోనే అయినా ఎలీయాజరుకి పూర్తిగా అర్థమైంది.

"రాళ్ళెందుకు? మేం లేమా?"

ఎలీయాజరు వెళ్ళి వెనక తలుపు తనే తెరిచాడు. ఇన్నేళ్ళూ ఆ తలుపు మూయడమే అతని పని.

ఆడవాళ్ళు సుక్మి చుట్టూ కూర్చుని కాళ్ళు చాపి ఆమెకి దడి కట్టారు. మగవాళ్ళు చక్రాల మీదికి వచ్చేలా రెండు వైపులా కిక్కిరిసి కూర్చున్నారు. ఇంకొందరు వెనక తలుపుకి వేలాడారు. ఎలీయాజరు చెయ్యి దూర్చి చూశాడు. నాలుగు వేళ్ళు. బండి కదిలింది. బ్రేకుని నమ్మకుండా చిన్న గేరులోనే దింపుతున్నాడు. గుంత వచ్చింది. వెనక భాగం నిదానంగా కిందికి వంగి, నిదానంగా లేచింది. నిద్రపోతున్న పిల్లని ఊయల్లో ఊపినట్టుంది. ఆ మొండి ఇనుము అంత మెత్తగా నడవగలదని అతను కలలో కూడా అనుకోలేదు. వెనక అంతమంది ఊపిరి అతని మెడకి తగులుతోంది.

అలా వాగు దాకా వచ్చారు. అక్కడ అతను బండి ఆపేశాడు. వాగు వీళ్ళ హద్దు. ఇక్కడ దిగిపోతారు, అవతల ఇంకా సగం దారి ఉంది, అదీ ఇంతకంటే పాడు దారి. దిగొద్దని ఎలా అడగడం? ఎక్కుతామంటే ఏళ్ళ తరబడి కసిరిన నోటితో, నమ్మకం వదిలేసి రమ్మని ఏ ముఖం పెట్టుకుని అడగడం? అతను స్టీరింగు మీద తల వాల్చాడు.

వెనక గుసగుసలు మొదలయ్యాయి. కొంచెంసేపు అలా సాగి ఆగిపోయాయి. ఒక్క మనిషి దిగిన చప్పుడైంది. సుక్మి మొగుడికి నాయనమ్మ, ఎండుపుల్లలాంటి ముసలామె. ఆవిడ వాగు ఒడ్డున ఒక బండ మీదికెక్కి నిలబడి, పొమ్మని చెయ్యి ఊపింది. తన బరువు బండికి ఎలాగూ పనికిరాదట. ఊరందరి బదులూ తను నిలబడుతుందట. లక్ష్మణుడు ఇంత చెప్పి, ఇక బండి పోనివ్వమన్నాడు.

జీపు వాగులో దిగింది. ఆ ఊరి జనం అలా వాగు దాటడం ఎలీయాజరు ఎప్పుడూ చూడలేదు. వాళ్ళూ ఎప్పుడూ చూసి ఉండరు. కొందరు కళ్ళు మూసుకున్నారు. ఒక్కరూ దిగలేదు. ఎలీయాజరు తనకి తెలిసిన పాటలూ వాక్యాలూ అన్నీ ఆ క్షణాన మరిచిపోయాడు. తారురోడ్డు వచ్చేదాకా "ప్రభువా" అన్న ఒక్క మాటే అతని నోట్లో ఆడింది.

రోడ్డు చివర అంబులెన్సు ఉంది. సుక్మిని అందులోకి మార్చారు, మొగుడూ దొర్కా ఎక్కారు, అది వెళ్ళిపోయింది. జనం ఒక్కొక్కరే జీపు దిగుతుంటే ఎలీయాజరు వెనక చక్రం దగ్గర నిలబడి చూశాడు. ఒక్కొక్కరు దిగినప్పుడల్లా బండి రవ్వంత పైకి లేచింది. లక్ష్మణుడు ఆఖర్న దిగాడు. ఎలీయాజరు అలవాటు కొద్దీ చెయ్యి దూర్చాడు. జానెడు. తమ ఒంటి బరువు తప్ప ఇవ్వడానికి ఇంకేమీ లేనివాళ్ళు, అదే తెచ్చి ఇచ్చారు. ఇంతకంటే పెద్ద పని చేసినవాళ్ళని తను చూడలేదనుకున్నాడు, చర్చిలోనూ చూడలేదు, మిల్లులోనూ చూడలేదు.

వాళ్ళు నడిచి వెనక్కి పోతామన్నారు. కబురు లేకుండా ఎలా పోతారని అతను ఆపాడు. టీ బడ్డీ దగ్గర మరమరాలు తిని కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా ఫోన్ వచ్చింది.

"కోసి తీసేరు బాబాయి," అంది దొర్కా. గొంతు అలిసిపోయి ఉంది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారని సెప్పీయండి."

చెప్పాడు. లక్ష్మణుడు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని, లేచి నడక మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ వెనకే లేచారు. ఇప్పుడు బండికి బరువు అక్కర్లేదు, కుదుపు తగిలితే ఏమీ కాదు. అయినా ఎలీయాజరు పరుగున వెళ్ళి వెనక తలుపు తెరిచి, అందరినీ ఎక్కమన్నాడు.

వాగు దగ్గరికి వచ్చేసరికి మసక పడుతోంది. జీపు దీపాలు అవతలి ఒడ్డున పడ్డాయి. ఎలీయాజరు కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. ముసలామె పొద్దున్న ఏ బండ ఎక్కిందో ఆ బండ మీదే నిలబడి ఉంది. ఎప్పుడో ఇంటికి పోయి ఉంటుందని అతను అనుకున్నాడు. ఆవిడ చేతికర్ర కూడా పొద్దున్న ఆనించిన చోటు నుంచి కదిలినట్టు లేదు.

అతను బండి దిగి, మోకాలి లోతు నీళ్ళలోనే గబగబా వాగు దాటాడు. ఆవిడ దగ్గరికెళ్ళి, రాని భాషలో, తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారని చెప్పాడు. ఆవిడకి వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాడు.

ఆవిడ అతని భుజం పట్టుకుని, మెల్లగా వంగి, ఆ బండ మీద కూర్చుంది.