సెడ్రిక్ హెబ్డన్ వేడినీళ్ల పట్టిక

గ్రిమ్స్‌బీ రేవుకు ఎదురుగా ఉన్న ఊరి కౌన్సిల్ వారి అద్దె ఫ్లాట్లలో, తొమ్మిదో అంతస్తులో, సెడ్రిక్ హెబ్డన్ ఇంట వేడినీళ్ల ట్యాంకు అలమర తలుపు మీద ఒక పట్టిక అంటించి ఉండేది. చేతిరాతే అయినా అచ్చులా ఉంటుంది. ఏ రోజు ఎవరు ఎన్ని అంగుళాల నీళ్లలో స్నానం చెయ్యాలో, గిన్నెలు ఎప్పుడు కడగాలో, గడ్డానికి ఎన్ని మగ్గులు వాడాలో అందులో ఉంది. ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లామూ ఇద్దరే. పట్టిక చూస్తే మాత్రం అక్కడేదో సత్రం నడుస్తోందనుకుంటారు.

అర్ధరాత్రి దాటి పన్నెండున్నర నుంచి పొద్దున ఏడున్నర దాకా వాళ్లకు కరెంటు చవక. పగటి ధర దానికి మూడింతలు. అందుకని ఆ ఇంట్లో నీళ్లు కాగేది ఆ చవక వేళలోనే. చలికాలం రెండు గంటలు. వేసవిలో కుళాయి నీళ్లు అంత చల్లగా ఉండవు కనక పన్నెండున్నర నుంచి ఒక్క గంట. ఆ పని టైమరు చూసుకుంటుంది. పగలు కాచుకోవాలంటే వేరే స్విచ్ ఒకటుంది గానీ, దాని మీద సెడ్రిక్ అద్దెకు దిగిన వారంలోనే నల్ల టేపు అడ్డంగా రెండు పట్టీలు అంటించాడు. అది పంతొమ్మిదేళ్ల కిందటి మాట.

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అని లోకం అనుకుంది. అతను మాత్రం దాన్ని శాస్త్రం అనేవాడు. టీకి కూడా ఏడున్నరలోపే నీళ్లు మరిగించి ఫ్లాస్కులో పోసి పెట్టేవాడు. సాయంత్రం నాలుగింటికి ఆ టీ తాగినవాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కేవారు కాదు. అదీ పొదుపే అని అతని లెక్క.

ఈ శాస్త్రం అతనికి రేవులో అబ్బింది. ముప్పై ఒక్క ఏళ్లు రేవు గేటు దగ్గర పనిచేశాడు. సముద్రం పోటు వచ్చే వేళకు గేటు తియ్యడం, పోటు తగ్గే వేళకు వెయ్యడం. పోటు వేళల పుస్తకం ఎప్పుడూ గ్రీనిచ్ టైములోనే అచ్చవుతుంది. వేసవిలో దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటుంది గనక, పుస్తకంలో ఉన్నదానికి ఒక గంట కలుపుకోవాలి. కలపడం మరిచి ముందే వచ్చి గేటు ముందు పడవ నిలుపుకున్న సరంగులను సెడ్రిక్ వదిలిపెట్టేవాడు కాదు. పైనుంచి తొంగిచూసి, "చంద్రుడికి వేసవి టైము ఎవరూ చెప్పలేదు నాయనా, గంటసేపు కూచో" అనేవాడు. ఆ మాట రేవులో సామెతైపోయింది. రిటైరైన రోజు కేకు మీద కూడా అదే రాయించారు.

అతని భార్య మేవిస్ అదే రేవులో ఇరవై ఆరేళ్లు చేపలు కోసింది. ఐసు నీళ్లలో చేతులు, ఊపిరాడని పని. ఆ చలి ఇప్పుడు కుడి భుజంలో కాపురం పెట్టింది. సాయంత్రమయ్యేసరికి చెయ్యి పైకి లేవదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలలేదు. పడుకోబోయే ముందు వేడినీళ్ల తొట్టెలో అరగంట కూచోమని నర్సు చెప్పింది. సాయంత్రానికి ట్యాంకులో మిగిలేవి నులివెచ్చని నీళ్లు, అవీ గిన్నెలకు పట్టికలో కేటాయించినవి.

"ఒక్క గంట ఆ స్విచ్ వెయ్యి సెడ్రిక్. రోజూ అడుగుతున్నానా?"

"పొద్దున ఏడింటికి చెయ్యొచ్చుగా. నీళ్లెక్కడికి పోతాయి?"

"నొప్పి పొద్దున లేదు, ఇప్పుడుంది."

"నొప్పికి పట్టిక తెలీదు మేవిస్. మనకు తెలుసు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. మేవిస్ వేణ్నీళ్ల రబ్బరు సంచీ భుజం కింద పెట్టుకుని పడుకునేది. ఆ సంచీలో పోసేవీ ఫ్లాస్కులో నీళ్లే. నాకు ఇప్పటికీ సెడ్రిక్ మీద కోపం వచ్చేది ఇక్కడే.

మొన్న జూన్‌లో పాత కరెంటు మీటర్లు మార్చడానికి టెగన్ అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, నడుముకు పనిముట్ల సంచీ. మధ్యాహ్నం రెండు. సెడ్రిక్‌కు శ్రోత దొరికింది. ఫ్లాస్కు టీ ఇచ్చి, పట్టిక ముందు నిలబెట్టి, మొదటి వరస నుంచి చదివి వినిపించాడు.

"పదకొండు అంతస్తుల వాళ్లూ దీన్నే కాపీ కొట్టారమ్మా" అన్నాడు. "మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం, ఇంట్లో గడియారాలన్నీ నేనే తిప్పుతాను. మొట్టమొదట ఈ టైమరు. ఒక్క ఏడాది కూడా మర్చిపోలేదు."

టెగన్ కప్పు మెల్లిగా కింద పెట్టింది. టీ నచ్చక అయి ఉంటుందనుకున్నాడు.

"టైమరు కూడా తిప్పుతారా, పెద్దాయనా?"

"తిప్పకపోతే ఎలా?"

"తిప్పకూడదు. మీ పాత మీటరు గ్రీనిచ్ టైములోనే ఉంటుంది, వేసవైనా అంతే. అంటే వేసవిలో మన గడియారంలో ఒకటిన్నర అయ్యాకే చవక మొదలు. బిల్లు కాగితం మీద కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరులెండి."

సెడ్రిక్ పట్టిక వైపు చూశాడు. వేసవి వరసలో, తన చక్కని చేతిరాతలో, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా అని ఉంది. సరిగ్గా ఆ ఒక్క గంట. చవక అయ్యేది అది దాటిన మరుక్షణం. ముప్పై ఒక్క ఏళ్లు ఊరందరి చేతా గంట కలిపించినవాడు తన సొంత అలమరలో పప్పులో కాలేశాడు.

కుర్చీలో భుజం పట్టుకుని కూచున్న మేవిస్ అడిగింది. "అమ్మాయ్, అయితే వేసవంతా మేము పగటి ధర కట్టామా?"

"నీళ్లవరకు అంతేనమ్మా."

"సాయంత్రం ఒక గంట ఆ నల్లటేపు స్విచ్ వేసుకుంటే ఎంతయ్యేది?"

"అంతే. ఇదీ గంటే, అదీ గంటేగా."

మేవిస్ నల్లటేపు వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వల్ల కాదు, కోపం వల్ల. తర్వాత పొడిగా అంది. "మీటరుకి వేసవి టైము ఎవరూ చెప్పలేదు సెడ్రిక్."

మీటరు మార్చి, సంతకం పెట్టించుకుని టెగన్ వెళ్లిపోయింది. టీ కప్పు నిండుగానే ఉండిపోయింది.

"పంతొమ్మిది వేసవులు" అంది మేవిస్. "ఆ టేపు నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

"ఇప్పుడా? మూడున్నరే అయింది."

"నా చెయ్యి పైకి లేవదు. నువ్వే తియ్యి."

తీశాడు. టేపుతో పాటు గోడ రంగు కూడా ఊడొచ్చింది. కౌన్సిల్ వాళ్లు అడిగితే ఏం చెప్పాలని నసిగాడు గానీ వినేవాళ్లు లేరు. స్విచ్ వేస్తే ఎర్రదీపం వెలిగింది. గంట తర్వాత మేవిస్ స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. పట్టికలో నాలుగంగుళాలని ఉంది. తొట్టె నిండుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

సెడ్రిక్ తలుపు బయట స్టూలు వేసుకుని కూచున్నాడు. అరగంట చూసి గొంతు సవరించుకున్నాడు.

"మేవిస్, అయ్యాక నీళ్లు వదిలెయ్యకేం. వాటిలోనే నేనూ దిగుతాను."

తొట్టె బిరడా లాగిన చప్పుడు, నీళ్లు గడగడా దిగిపోతున్న చప్పుడు వచ్చింది. వెంటనే వేడినీళ్ల కుళాయి మళ్లీ తిరిగింది.

అతను లేచి స్విచ్ దాకా వెళ్లాడు. ఆపడానికి చెయ్యెత్తాడు. లోపల ఆమె హమ్మయ్య అని పెద్దగా నిట్టూర్చడం వినిపించింది. అలాంటి చప్పుడు ఆమె నుంచి అతను విని ఎన్నేళ్లయిందో. చెయ్యి దించేశాడు.

"సెడ్రిక్" అని పిలిచింది లోపల్నుంచి. "టీ పెట్టు. ఫ్లాస్కులోది వద్దు."

అతను వంటింట్లోకి వెళ్లి, కెటిల్‌లో ఇద్దరికి సరిపడా నీళ్లు పోసి, ఆన్ చేశాడు.