బల్బుకు దండం పెట్టే వైర్‌మన్

ఇప్పటి పిల్లలు స్విచ్చి వేసి బల్బు వైపు తిరిగి కూడా చూడరు. నిజాం జమానాలో, నాకు మీసాలు అప్పుడప్పుడే మొలుస్తున్న ఆ రోజుల్లో, అమీర్‌పేటలో కరెంటున్న ఇల్లంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. కొత్తగా తీగలు లాగిన ఇంట్లో మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు ఇంటిల్లిపాదీ తలంటుకుని వరసగా నిలబడేది. బల్బు వెలగగానే అందరూ చేతులు జోడించేవాళ్లు. తీగలు లాగిన నేనూ వాళ్ల పక్కన నిలబడి భక్తిగా జోడించేవాణ్ణి. ఇందులో నటన ఏమీ లేదు. సందెవేళ అమ్మ దీపం పెడితే ఎక్కడున్నా దండం పెట్టాలని చిన్నప్పుడు వీపు మీద చరిచి మరీ నేర్పారు. నాకు తెలిసినంతలో దీపం దీపమే, నూనెతో వెలిగినా తీగతో వెలిగినా. (ఇంటివాళ్లకు ముచ్చటేసి ఒక్కోసారి నాలుగు గారెలు సుత పెట్టేవాళ్లు, ఆ లాభాన్ని నేను కాదనను.)

మాది నేతపని చేసే ఇల్లు. లెక్కలకూ నాకూ పడక నాలుగో తరగతిలోనే బడికి నేను సెలవిచ్చాను. బడి పెద్దగా బాధపడినట్టు లేదు. అన్న షోలాపూర్ మిల్లుకు పోయాడు, నేను పట్నం వచ్చి పంజాగుట్టలో ఒక ఉస్తాద్ దగ్గర వైరింగు పనిలో చేరాను. బాపుకు ఇది మింగుడుపడలేదు. పడుగు సాగదీసి సరిచేయాలంటే అటొకరు ఇటొకరు నిలబడాలి. అన్న మిల్లుకు పోయాక ఆ రెండో మనిషిని నేనే. చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. వైర్‌మన్ పరీక్ష పాసైతే నా దారి నాది, తప్పితే మారు మాట లేకుండా మగ్గం దగ్గరికి. బాపు అరిచి బెదిరించి ఉంటే నేనూ ఎదురు తిరిగి ఉందును. ఆయన నెమ్మదిగా, "నీ ఇష్టం బిడ్డ, కానీ మాట మాటే" అన్నాడు. అందుకే నాకు అంత భయం.

పరీక్షంటే కాగితం మీద రాసేది కాదు, ఆ మేరకు దేవుడు దయ చూపాడు. పరీక్ష సాబ్ చూస్తుండగా ఒక కొత్త ఇంటి వైరింగు పనికొస్తుందో లేదో తేల్చి చెప్పాలి. మొదట మెగ్గరు. పిడి పట్టుకొని గిరగిరా తిప్పితే ముల్లు కదిలే పెట్టె అది, తీగ మీది తొడుగు గట్టిగా ఉందో లేదో చెప్తుంది. మెగ్గరుతో నాకు పేచీ లేదు. ముల్లు కదిలితే దండం పెట్టాలని ఎవరూ నేర్పలేదు కదా. పేచీ అంతా రెండోదానితో. ఒక బల్బుకు రెండు పొడుగాటి తీగలుంటాయి. కుడిచేతి తీగ స్విచ్చి లోపల, ఎడమచేతి తీగ భూమిలోకి దిగిన ఎర్త్‌కు ఆనించాలి. వెలిగితే కరెంటు సరైన దారిలో స్విచ్చిదాకా వచ్చినట్టు. నేను ఆనించేవాణ్ణి, అది వెలిగేది, ఆ వెంటనే నా రెండు చేతులూ తీగలు వదిలేసి వచ్చి ఛాతీ ముందు కలుసుకునేవి. బల్బు ఆరిపోయేది.

మొదటిసారి ఉస్తాద్‌కు అర్థం కాలేదు. వెలిగిందా అని అడిగాడు, వెలిగిందన్నాను. మరి ఎందుకు ఆరిందన్నాడు. దండం పెట్టానన్నాను. ఆయన టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. "అరె భాయ్, మొక్కుడు తర్వాత, ముందు వైరు పట్టుకో. పరీక్షల కరెంటున్న తీగ జారవిడిస్తే సాబ్ ఆడికాడికే ఇంటికి పంపుతడు. ఒక కొస స్విచ్చిల చిక్కుకొని రెండో కొస ఎవని కాలి మీద పడ్డా పానం పోతది."

అక్కడ మొదలైంది నా చేతులకు చదువు చెప్పే పని. కళ్లు మూసుకుని పట్టుకోమన్నాడు ఉస్తాద్. మూసుకున్నాను, చేతులు కదల్లేదు. వెలిగిందా అన్నాడు. కళ్లు మూసుకున్నవాడికి ఏం తెలుస్తుంది? తర్వాత తీగలను నా మణికట్లకు సుతిలి తాడుతో కట్టాడు. చేతులు కలిశాయి, మధ్యలో వేలాడుతున్న బల్బు ఊగి బల్లకు తగిలి పగిలింది. ఇట్ల కాదని సాయంత్రాలు నేనే అమీర్‌పేట చాయ్ హోటలు ముందు చేతికొక ముల్లంగి గడ్డ పట్టుకొని నిలబడేవాణ్ణి. హోటలువాడు బల్బు వేసేవాడు, ముల్లంగి గడ్డలు కింద పడేవి. చాయ్ తాగేవాళ్లు రోజూ కుర్చీలు ఇటు తిప్పుకుని నా కోసం ఎదురుచూసేవాళ్లు. వాళ్లు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి గానీ, గదికి పోయి పడుకుంటే మగ్గం చప్పుడు వినిపించేది.

పరీక్ష ముందురోజు బాపు మూటతో సహా ఉస్తాద్ దుకాణానికి వచ్చాడు. సంగతి తేలినంక కలిసే ఊరికి పోదామన్నాడు, నేను తప్పుతానని ఎంత నమ్మకమో. ఒక మూల కూర్చుని నా విన్యాసం చూశాడు. నేను పట్టుకోవడం, వెలగడం, వదలడం. మళ్లీ పట్టుకోవడం, వెలగడం, వదలడం. ఉస్తాద్ నుదురు కొట్టుకున్నాడు. బాపు నవ్వలేదు.

"నేను మగ్గం మీద ఉన్నప్పుడు మీ అమ్మ దీపం పెడితే ఏం జేస్త?" అన్నాడు.

ఆలోచించాను. ఎన్నో ఏళ్లు పక్కన కూర్చుని కూడా ఎన్నడూ గమనించలేదు.

"చేతుల తెగిన పోగు ఉంటది. వదిలి మొక్కుతె పోగు పోతది. అందుకే తలకాయ వంచుత. గంతే. దేవునికి తెల్వదా ఏంది?"

మళ్లీ తీగలు ఆనించాను. వెలిగింది. మోచేతులు అదిరాయి, తల వంచాను. చేతులు ఉన్నచోటే ఉన్నాయి. బల్బు వెలుగుతూనే ఉంది. ఉస్తాద్ వచ్చి బాపు రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. నేను గంతులేశాను. నన్ను మగ్గానికి తీసుకుపోదామని వచ్చిన మనిషే ఆ ఉపాయం చెప్పాడన్న సంగతి ఆ పూట నా బుర్రకు తట్టనే లేదు.

పరీక్ష ఎర్రమంజిల్ దిగువన కట్టిన ఒక కొత్త బంగళాలో. సాబ్ కోస్తా వైపునుంచి వచ్చిన మనిషి, కళ్లజోడు ముక్కు కొసన పెట్టుకుని మాట్లాడేవాడు. మెగ్గరు తిప్పుతుంటే నా చెమట పిడి మీదికి కారింది, ముల్లు మాత్రం మర్యాదగా నిలబడింది. ఇక బల్బు. ఆనించాను. వెలిగింది. భుజాలు లేవబోయాయి, పళ్లు బిగబట్టి తల వంచాను, స్విచ్చి పెట్టెలోకి దూరేంతగా వంచాను.

"ఏంటయ్యా, తీగల జాయింటు చూస్తున్నావా?" అన్నాడు సాబ్.

గొంతులోంచి "ఆఁ" అని ఏదో వచ్చింది.

"మంచి అలవాటు. అందరూ బల్బు చూసి మురిసిపోయేవాళ్లే, జాయింటు చూసేవాడు ఒక్కడూ లేడు" అంటూ తానూ కళ్లజోడు సవరించుకుని నా పక్కనే తల వంచాడు. ఆ క్షణాన ఎవరైనా గుమ్మంలోకి తొంగిచూసి ఉంటే, సర్కారు ఇంజినీరూ నేనూ పక్కపక్కన నిలబడి బల్బుకు మొక్కుతున్నామని ఒట్టేసి చెప్పేవాళ్లు. జాయింటు బాగానే ఉంది. వదలమని ఆయన రెండోసారి చెప్పేదాకా నేను తీగలు వదల్లేదు. పాస్ అన్నాడు.

బాపు గేటు బయట ఇటుకల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. నా మొహం చూడగానే తెలిసిపోయింది. మూట చంకన పెట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"గీ పనికి సుత ఇద్దరు కావాల్నా?"

"ఎందుకు బాపూ, నేనొక్కన్నే చాలు" అన్నాను ఛాతీ విరుచుకుని.

"అయితే మంచి పనే" అని, లక్డీకాపూల్ దారిన బస్సు కోసం ఒక్కడే నడుచుకుంటూ పోయాడు. నేను గేటు దగ్గరే నిలబడి, పాసైన మనిషి ఎలా నిలబడాలో అలా నిలబడ్డాను.

మర్నాడే ఒక బంగళా పైకప్పు కింద నిచ్చెన ఎక్కి, అది కొంచెం పక్కకు జరగగానే, ఎవరన్నా వచ్చి కింద పట్టుకోండ్రి అని వీధి అంతా వినబడేలా అరిచాను. ఆ తర్వాత బతుకంతా అరుస్తూనే ఉన్నాను. ఇప్పటికీ ఎర్రమంజిల్ వైపు పోతే, గేటు దగ్గర ఛాతీ విరుచుకున్న ఆ మొలక మీసాలవాడు యాదికొస్తాడు. నవ్వొస్తుంది. దగ్గరికి పోయి, ఒరేయ్, కనీసం బస్సుదాకానైనా ఆ మూట పట్టుకుని పోరాదూ అనాలనిపిస్తుంది.