ట్రాక్ పాడే ఇన్‌జు

ఇన్‌జు గొంతు విననివాళ్ళు సియోల్ నగరంలో బహుశా లేరు. ఇన్‌జు అనే మనిషి ఉందని తెలిసినవాళ్ళు మాత్రం ఓ పదిమంది ఉంటారు. అందులో ఒకరు ఆమె ఇంటి ఓనరు.

ఆమె పని ట్రాక్ పాడటం. కొత్త పాట తయారైతే, అసలు గాయని నేర్చుకోవడానికి ముందు ఎవరో ఒకరు పాడిపెట్టాలి కదా, ఆ ఎవరో ఒకరు ఇన్‌జు. మాంగ్‌వన్ బజారు వెనక సందులో చేపల దుకాణం కింద నేలమాళిగలో పాంగ్ గారి స్టూడియో ఉంది. ఆయన బాణీ కడితే ఈమె పాడేది. అసలు గాయని దాన్ని వారం పాటు చెవుల్లో పెట్టుకుని తిరిగి, అచ్చం అలాగే పాడేది. ఆ తర్వాత కోరస్‌లో అడుగున తప్ప ఇన్‌జు గొంతు తీసేసేవారు. ఇల్లు పూర్తయ్యాక పరంజా విప్పేసినట్టే. ఫలానా పాటకి ట్రాక్ నేనే పాడానని బయట ఎక్కడా చెప్పుకోకూడదని షరతు కూడా ఉంది.

ఎవరికి పాడినా ఇన్‌జుకి అంత బాధ ఉండేది కాదు. మిడోరా అనే అమ్మాయిల పాటల బృందంలో సూరిన్‌కి పాడాల్సి వచ్చినప్పుడు మాత్రం కడుపు మండిపోయేది. పాడేది, ఇంటికొచ్చేది, సూరిన్ నవ్వుతున్న ప్రకటన అతికించిన బస్సు ఎదురైతే ఆ బస్సు ఎక్కకుండా తర్వాతది వచ్చేదాకా నిలబడేది. చలికాలంలో కూడా.

ఆ మంట ఊరికే పుట్టలేదు. ఇన్‌జుది గున్‌సాన్. అమెరికా వైమానిక స్థావరం గేటు దగ్గర వాళ్ళమ్మ ఓక్‌బున్‌కి మాండూ కొట్టు ఉంది. ఆవిరి మీద ఉడికే ఆ కజ్జికాయల్లాంటి వాటికోసం వచ్చిన సైనికుల దగ్గర ఇన్‌జు బడికి పోకముందే ఇంగ్లీషు పట్టేసింది. పద్నాలుగో ఏట సియోల్ వచ్చి ఒక పాటల కంపెనీలో శిక్షణకి చేరింది. ఏడేళ్ళు పాడింది, ఆడింది, అన్నం మానేసి బరువు చూసుకుంది. చివరికి మిడోరా అనే కొత్త బృందానికి ఎంచిన ఐదుగురిలో తనూ ఒకతైంది.

సూరిన్ ఆమెకంటే ఐదేళ్ళు చిన్నది. దక్షిణాన సామ్‌చన్‌పో రేవు నుంచి పన్నెండేళ్ళప్పుడు వచ్చింది. హాస్టల్లో కింది మంచం మీద ముడుచుకుని ఏడుస్తుంటే, పై మంచం నుంచి దిగి ఓదార్చింది ఇన్‌జు. పాట నేర్పింది ఇన్‌జు. నోరు తెరిస్తే రేవు యాస దొర్లుతుంటే, చాప్‌స్టిక్‌తో బల్ల మీద కొట్టి, "ఏమే, పడవలో వాళ్ళని పిలుస్తున్నావా? పాట పాడు" అని సరిచేసింది కూడా ఇన్‌జే.

బృందం బయటికి రావడానికి ఇంకా రెండు నెలలు ఉందనగా కంపెనీ మేనేజరు ఇన్‌జుని పిలిచాడు.

"నీ గొంతుకి వంక లేదమ్మా. కానీ ఐదుగురూ పక్కపక్కన నిలబడితే చూపు నీ దగ్గర ఆగిపోతోంది."

చూపు ఆగడం మంచిదే కదా అని ఇన్‌జు ఇప్పటికీ వాదిస్తుంది. వినేవాళ్ళు ఎవరూ లేరనుకోండి. ఆ స్థానంలో సూరిన్‌ని వేశారు. సూరిన్ వెక్కివెక్కి ఏడ్చింది. "అక్కా, నేను చెయ్యనని చెప్పేస్తాను" అంది. "పిచ్చిదానా, చెయ్యి" అంది ఇన్‌జు. సూరిన్ చేసింది. ఇన్‌జు గుండెలో ముల్లు అదే. ఆ పిల్ల ఆ మాట రెండోసారి అనలేదు.

ఇది జరిగి ఎనిమిదేళ్ళు. ఈ ఎనిమిదేళ్ళలో మిడోరాకి కొరియాలో ఎదురు లేకుండా పోయింది. ఇక అమెరికా ఒక్కటే మిగిలిందని కంపెనీ పట్టుబట్టింది. మొదటి ఇంగ్లీషు పాట అమెరికా వెళ్ళి, ఏ రేడియోలోనూ నిలవకుండా వెళ్ళిన దారినే తిరిగొచ్చింది. అయితే అక్కడి పత్రికలో ఎవరో ఒక ముక్క రాశారు. సూరిన్ పాడేటప్పుడు మాట మధ్యలో ఊపిరి చిన్నగా విరిగి మళ్ళీ అందుకుంటుందనీ, ఆ విరుపు ఇంకెవరికీ రాదనీ.

ఆ విరుపు ఇన్‌జుది. చిన్నప్పుడు వదలకుండా పట్టిన దగ్గు వదిలిపోతూ ఆమె గొంతులో మిగిల్చిపోయిన అలవాటు. ట్రాక్‌లో వినీ వినీ సూరిన్‌కి అబ్బింది.

ఇన్‌జు ఆ ముక్కని ఫోన్‌లో దాచుకుని రోజూ చదువుకునేది. కుళ్ళుకునేది, ఒకరకంగా సంతోషపడేది. దాని దగ్గర ఏముంది, ఉన్నదంతా నాదే అనుకునేది. ఆ ఒక్క మాటే ఆమెకి ఆసరా. ఎవరైనా ఒక్కసారి "అది నువ్వేనా?" అని అడిగితే, "నేనే" అని చెప్పాలని ఆమె కోరిక. అంతకంటే పెద్ద కోరిక ఏమీ లేదు.

షరతులూ గిరతులూ ఓక్‌బున్‌కి పట్టవు. కొట్లో టీవీలో మిడోరా పాట వస్తే చాలు, గరిటె ఎత్తి చూపించేది. "ఆ ఊపిరి ఉంది చూశారూ, అది మా అమ్మాయిది." తినేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, "అలాగా అమ్మా, ఇంకో ప్లేటు వెయ్యి" అనేవారు.

ఇరవై తొమ్మిదో ఏట ఇన్‌జు తెగించి టీవీలో పాటల పోటీకి వెళ్ళింది. పేరు లేని గాయకుల కోసం పెట్టిన పోటీ అది. పాత పాట ఒకటి ప్రాణం పెట్టి పాడింది. న్యాయనిర్ణేత ఒకావిడ, పాపం మంచావిడే, నొచ్చుకుంటూ చెప్పింది.

"గొంతు చాలా బాగుందమ్మా. కానీ కళ్ళు మూసుకుని వింటే సూరిన్ పాడుతున్నట్టే ఉంది. ఆ ఊపిరి విరుపు ఆవిడ సొత్తు. అనుకరణ వదిలేసి నీ గొంతు నువ్వు వెతుక్కో."

ఇన్‌జు నడుం దాకా వంగి కృతజ్ఞతలు చెప్పింది. ఇంకేం చెప్పగలదు? మర్నాటికి ఇంటర్నెట్‌లో ఆమెకి 'నకిలీ సూరిన్' అని పేరు పెట్టేశారు. గున్‌సాన్ కొట్లో రోజూ వచ్చే టైర్ల దుకాణం ఆయన, "ఏమ్మా, మీ అమ్మాయి ఊపిరన్నావు, అరువు తెచ్చుకుందటగా" అన్నాడు. ఓక్‌బున్ ఆయన ముందు నుంచి ప్లేటు లాగేసింది.

సూరిన్ దగ్గర్నుంచి సందేశం వచ్చింది. "అక్కా, చూశాను. నిజం చెప్పేస్తానంటే కంపెనీ వాళ్ళు వద్దన్నారు." ఇన్‌జు చదివి పళ్ళు నూరింది. ఇదీ ఒక్కసారే అడిగుంటుంది అనుకుంది.

ఆమె మొహం చూడలేకో ఏమో, పాంగ్ గారు ఒకరోజు పియానో ముందు కూర్చుని కొత్త బాణీ వినిపించారు. "ఇది నీకే కట్టానమ్మాయ్. నీ పేరుతోనే వేద్దాం."

ఇన్‌జు మూడు వారాలు ఆ బాణీతోనే కాపురం చేసింది. స్నానం చేస్తూ, బియ్యం కడుగుతూ పాడుకుంది. సూరిన్ బొమ్మ ఉన్న బస్సు కూడా ఒకసారి ఎక్కింది. ఇంగ్లీషు మాటలు తనే సర్దింది. నాలుగో వారం పాంగ్ గారు తల గోక్కుంటూ వచ్చారు.

"ఏం చెయ్యనమ్మాయ్, మిడోరా వాళ్ళు విన్నారు. అమెరికాలో రేడియో వాళ్ళకి వినిపిస్తే ఈ బాణీయే కావాలన్నారట. మన పాట అక్కడ మోగడమంటే మాటలా? నీకు ఇంకోటి కడతాలే."

"సరే సార్."

"ట్రాక్ రేపు పొద్దున్నే పెట్టుకుందాం."

"సరే సార్."

మర్నాడు ఇన్‌జు పాడింది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు, ఊపిరి ఎక్కడా విరగలేదు. బడిలో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు, మొదటి నుంచి చివరిదాకా చప్పగా పాడేసి మైకు ముందు నుంచి తప్పుకుంది.

"ఏంటమ్మాయ్, జలుబా?"

"లేదు సార్. అమెరికా వాళ్ళకి శుభ్రంగా ఉంటే నచ్చుతుందని."

పాంగ్ గారికి తొందర. పంపేశారు. ఇన్‌జు ఆ సాయంత్రం వేయించిన కోడి తెప్పించుకుని ఒక్కతే మొత్తం తినేసింది. ఇప్పుడేం పాడుతుందో చూస్తాను అనుకుంది. ఎత్తుకోవడానికి ఏమీ లేకపోతే దాని బండారం బయటపడుతుంది, అది కూడా అమెరికా ముందు.

సూరిన్ పాడే రోజున కోరస్ కోసం ఇన్‌జుని కూడా రమ్మన్నారు. పిలవకపోయినా వెళ్ళేదే. అద్దానికి ఇవతల సోఫాలో కూర్చుంది. సూరిన్ టోపీ తీసి, "అక్కా" అని వంగి నమస్కరించి లోపలికి వెళ్ళింది.

మొదటిసారి పాడింది. తేలిపోయింది. రెండోసారి ఇంకా అన్యాయం. ఊపిరి ఎక్కడ విరవాలో తెలియక అక్కడా ఇక్కడా విరిచి, నడవటం మర్చిపోయిన మనిషిలా తడబడింది. కంపెనీ తరఫు మనిషి గడియారం చూసుకుని, "ఏంటండీ ఇది, శుక్రవారానికి పంపాలి" అని సణిగాడు. ఇన్‌జు తల వంచుకుని కూర్చుంది. నవ్వు కనిపించకూడదు కదా.

సూరిన్ హెడ్‌ఫోన్స్ తీసేసింది. కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత మెల్లిగా అంది. "సార్, ట్రాక్ ఆపేయండి. సంగీతం ఒక్కటే వెయ్యండి."

పాడింది. ఈసారి గొంతు కిందికి దిగింది, కాస్త గరుకుగా. మాట చివర సాగదీసి పైకి ఎత్తి, అక్కడి నుంచి వదిలేసింది. ఇంగ్లీషు మాటల్లోకి సామ్‌చన్‌పో రేవు వచ్చి కూర్చుంది. చాప్‌స్టిక్‌తో కొట్టి కొట్టి ఇన్‌జు మానిపించిన యాస అదే. ఒడ్డు మీద నిలబడి, వెళ్ళిపోతున్న పడవని పిలుస్తున్నట్టు ఉంది ఆ పాట. పాంగ్ గారి చెయ్యి మీటల మీద అలాగే ఉండిపోయింది. కంపెనీ మనిషి గడియారం సంగతి మర్చిపోయాడు.

బాగుంది అనుకుంది ఇన్‌జు. అనుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. వెతికింది, చెవులు రిక్కించి వెతికింది, ఆ పాటలో తనది ఒక్క పోగైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. తను మూడు వారాలు పాడుకున్నదానికంటే బాగుంది. ఇన్నాళ్ళూ సూరిన్ తనది ఎత్తుకుపోయిందని ఏడ్చింది. ఇవాళ సూరిన్‌కి తన అవసరమే లేదు. ఆ ఏడుపే నయం అనిపించింది.

"ఇన్‌జూ, రా" అన్నారు పాంగ్ గారు. "సూరిన్ ఎలా పాడిందో అచ్చం అలాగే కింద నుంచి పట్టుకో. పైకి వినపడక్కర్లేదు."

పట్టుకుంది. సూరిన్‌ని చూసి ఇన్‌జు పాడటం అదే మొదలు.

పని అయ్యాక మెట్ల దగ్గర, చేపల నీళ్ళు కారుతున్న చోట, సూరిన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ట్రాక్ విని ముందు భయమేసింది. నీ ఊపిరే లేదు అందులో. నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నా. లోపల నిలబడ్డాక అర్థమైంది. నన్ను నాలాగా పాడుకోమని వదిలేశావు. అంతేగా?"

నీ పరువు పోవాలని పాడానే పిచ్చి మొహమా అన్న మాట ఇన్‌జు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"జలుబు చేసింది" అంది.

"నువ్వెప్పుడూ ఇంతే" అని సూరిన్ కళ్ళు తుడుచుకుని కారెక్కింది.

పాట అమెరికా వెళ్ళింది. ఈసారి తిరిగి రాలేదు. అక్కడి రేడియోల్లో, టాక్సీల్లో, అంగళ్ళలో మోగిందని ఇక్కడి వార్తల్లో రోజూ చెప్పారు. ఇన్‌జు వార్తలు చూడటం మానేసింది. పాత పత్రికలోని ముక్కని కూడా ఫోన్‌లోంచి తీసేసింది.

ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. వెనక అంతా గోలగా ఉంది.

"ఏమే, టీవీ చూశావా? ఆ పిల్ల అమెరికాలో కూర్చుని నీ గురించి చెప్పింది."

"నా గురించి ఏం చెప్తుంది?"

"పేరు చెప్పలేదులే, చెప్పకూడదటగా. గున్‌సాన్‌లో మాండూ కొట్టు వాళ్ళమ్మాయి, నాకు పాట నేర్పిన అక్క అంది. ఈ పాట అసలు ఆ అక్క కోసం కట్టిందట. నా కోసం కావాలనే చప్పగా పాడి, నాకు చోటు వదిలిపెట్టింది, అంత మంచి మనసు నేనెక్కడా చూడలేదు అని ఏడ్చింది. నా కడుపున ఇంత మంచిది పుట్టిందని నాకే తెలీదు కదే."

ఇన్‌జు మంచం అంచున కూర్చుంది.

"వింటున్నావా? కొట్టు నిండిపోయింది. టైర్లాయన కూడా వచ్చి కూర్చున్నాడు, నమ్మట్లేదు. ఫోన్ స్పీకర్లో పెడుతున్నా, నీ నోటితో నువ్వే చెప్పు."

గోల తగ్గింది. పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడు వినిపించింది. ఎవరో మగమనిషి గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"ఏమ్మా, ఆవిడ చెప్పిన ఆ అక్క నువ్వేనా?"

ఎనిమిదేళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసిన ప్రశ్న. ఇన్‌జు నోరు తెరిచింది. ఊపిరి విరిగింది.

"నేనే" అంది.