ఒక్కనాడూ జోక్యం చేసుకోని షుగరక్క

ఆసుపత్రి రికార్డుల్లో ఆమె మధుమేహ నియంత్రణ నర్సు. అంత పొడుగు పేరుకి నోరు తిరగక పేషెంట్లు షుగరక్క అనేవారు. మందులు చెప్పి ఊరుకునే రకం కాదు. బేకరీ ముందు పేషెంటు దొరికితే నడిరోడ్డు మీదే చెప్పులు విప్పించి పాదాలు చూసేది. ఎవరైనా మాత్ర వేసుకోలేదని తెలిస్తే భోజనం మధ్యలో లేచి వెళ్లి మింగించి వచ్చేది.

"అమ్మా, ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ నీకే అప్పజెప్పారా?" అని కూతురు దెప్పేది.

అలాంటి మనిషి ఉద్యోగం ఒక్క మాట దగ్గర ఇరుక్కుంది.

ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు రావాలి. రాకపోతే షుగరు విభాగం మూత, షుగరక్క ఇంటికి. రోగం ముదరకముందే ఆసుపత్రి తనంతట తాను కలగజేసుకుని రోగిని దారిలో పెట్టాలన్నది గుర్తింపు సంస్థ ప్రమాణం. దాన్ని ఇంగ్లీషులోంచి తెలుగులోకి దించిన మహానుభావుడెవరో నిఘంటువు తెరిచి, మొదట కంటబడ్డ మాట పట్టుకొచ్చాడు: జోక్యం. ఆ జోక్యం జరిగిందని పేషెంటే నోరారా చెప్పాలట. చెప్పేటప్పుడు నర్సు పెదవి విప్పకూడదట.

ఆ సంస్థ పంపిన తనిఖీదారు టై సర్దుకుని, మొదటి పేషెంటైన రిటైర్డు టీచరమ్మను అడిగాడు. "మీ విషయంలో ఈ నర్సు జోక్యం చేసుకుందా అండీ?"

టీచరమ్మకు ఒళ్లు మండింది. "ఛఛ! బంగారంలాంటి పిల్ల. మా విషయాల్లో ఏనాడూ వేలు పెట్టలేదు."

ముందురోజే ఆవిడ కాలి పుండు కడిగి కట్టు కట్టింది షుగరక్కే.

తర్వాత బస్సు డ్రైవరు. "ఎవరో గిట్టనివాళ్లు ఎక్కించుంటారు సార్. ఒట్టు, ఏ జోక్యమూ లేదు!" అని, కాపాడేశానన్నట్టు అక్కకు కన్ను కొట్టాడు. తనిఖీదారు సున్నాలు చుడుతున్నాడు. సూపరింటెండెంటు షుగరక్కను కళ్లతోనే నమిలేస్తున్నాడు.

మిగిలింది టైలరు. నెల నుంచి అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు.

"జోక్యమా?" టైలరు కుర్చీలోంచి లేచాడు. "ఇన్నాళ్లకి అడిగే మగాడొచ్చాడు! నా కూతురి పుట్టినరోజున, అందరి ముందూ నా నోటిదాకా వచ్చిన కేకు లాక్కుంది సార్! తెల్లారకుండా తలుపు బాది నడకకి ఈడ్చుకెళ్తుంది!"

"అంటే, క్రమం తప్పకుండా?"

"ప్రాణం తోడేస్తుంది!"

"మరి ఫలితం?"

"ఏముంది! షుగరు చచ్చినట్టు తగ్గింది. ఈవిడ మీద చర్య తీసుకోండి సార్!"

తనిఖీదారు మొహం వెలిగింది. మిగతా ఇద్దరి వైపు తిరిగి, "మీకూ ఇలాగే చేసిందా?" అన్నాడు.

"ఓస్, దీన్నా మీరు అడిగేది!" అన్నాడు డ్రైవరు. "నా బండి ఆపించి మరీ సూది గుచ్చింది."

"ఇదే జోక్యమైతే," అంది టీచరమ్మ, "మా అత్తగారు కూడా ఇంత చేసుకోలేదు బాబూ."

సున్నాలన్నీ కొట్టేసి, తనిఖీదారు పూర్తి మార్కులు వేశాడు.

గుర్తింపు పత్రం గోడకెక్కింది. ఆమెను ఎప్పుడు పీకేస్తారో కనుక్కుందామని టైలరు వచ్చి, ఆ పత్రం కింద నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు: 'రోగుల విషయంలో అత్యుత్తమ జోక్యం.'

వెనక నుంచి గొంతు వినిపించింది.

"తమ్ముడూ, చెప్పులు విప్పు."