లవంగాల పెట్టె

మా వదిన షాపులోంచి ఏ అట్టపెట్టె చిరగకుండా గడప దాటదు. బ్రేక్ ప్యాడ్లు కొన్నా, ఆయిల్ ఫిల్టర్ కొన్నా, సరుకు తీసి మీ చేతిలో పెడుతుంది. ఆ తర్వాత పెట్టెను మీ కళ్ళముందే అడ్డంగా చింపి కాళ్ళ దగ్గరున్న బుట్టలో పడేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. ఒకాయనైతే "ఏంటమ్మా, నా మీద కోపమా?" అని అడిగాడు. ఆ వీధిలో ఆవిడకు చింపుడమ్మ అని పేరు పడిపోయింది. మొదట్లో ఆ పేరు వినపడితే మా అన్నయ్య మొహం గంటు పెట్టుకునేవాడు. ఇప్పుడు ఫోన్లో తనే "చింపుడమ్మ షాపండీ" అంటున్నాడు.

అది కార్ల విడిభాగాల షాపు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సినంత ఇరుకు. నేల నుంచి పైకప్పు దాకా అరలు, కొక్కేలకు వేలాడే ఫ్యాన్ బెల్టులు, ఒక మెట్టు ఊడిపోయిన నిచ్చెన. ఆ మెట్టు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, బాగుచేసిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. వెనక రేకుల షెడ్డులో మెకానిక్ పని చేసుకుంటాడు. షాపు అన్నయ్య పేరు మీద ఉంది. పెత్తనం వదినది.

నేను టాక్సీ తోలుతాను. చవక అంటే చెవి కోసుకుంటాను. కోసుకోని డ్రైవరు ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, దండం పెడతాను. షాపుకెళ్ళి "వదినా, ఏదైనా మామూలు సరుకు చూడు" అంటే, ఆవిడ తల ఎత్తకుండానే "దేనికి?" అంటుంది. వైపర్లకంటే ఇస్తుంది. పక్క అద్దానికి, కాళ్ళ కింద పట్టాలకు, తలుపు పిడికి అడగ్గానే ఇస్తుంది. బ్రేకులకంటే మాత్రం కళ్ళెర్రజేస్తుంది.

"పాడైతే నీకు చిరాకొచ్చేవన్నీ చవకవి కొనుక్కో, ఎవరొద్దన్నారు? పాడైతే ఇంకొకళ్ళు ఏడ్చేవి మాత్రం మంచివి కొను" అంటుంది.

ఆవిడకు చవక సరుకంటే ఏమీ చిన్నచూపు లేదు. ఊరూ పేరూ లేని వైపరు నాలుగు వానలకు చీలిపోతుంది, చీలిన సంగతి కంటికి కనిపిస్తుంది, మళ్ళీ ఇంకోటి కొనుక్కుంటాం, దాంతో పేచీ ఏముంది అంటుంది. ఆవిడ పేచీ అంతా వేరొకరి పేరు తగిలించుకుని వచ్చే సరుకుతోనే. ఈ తెలివి ఆవిడకు పుట్టుకతో రాలేదు. లవంగాల వల్ల వచ్చింది.

పెళ్ళై వచ్చిన కొత్తలో వదినకు షాపులో అన్నిటికన్నా నచ్చినవి ఖాళీ పెట్టెలు. కంపెనీ పెట్టె అంటే గట్టి అట్ట, నున్నటి పూత, మూత వేస్తే ఊడిరాదు. అలాంటిది పారేయడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. ఒక్కొక్కటే ఇంటికి చేరవేసింది. వంటింటి అర మొత్తం కార్ల కంపెనీల పేర్లతో నిండిపోయింది. మిరియాలు ఫిల్టర్ పెట్టెలో, లవంగాలు బ్రేక్ ప్యాడ్ల పెట్టెలో. మా అమ్మకు చూపు ఆనదు, పెట్టె పైనంతా కంపెనీ అచ్చే కనుక గుర్తుకోసం వదిన మూత లోపల గోళ్ళరంగు చుక్క పెట్టేది. ఎర్రచుక్క ఉంటే లవంగాలు.

"అన్నంలో రాయి వచ్చిందంటే సర్దుకుంటాను గానీ, బోల్టు వస్తే మాత్రం ఊరుకోనమ్మాయ్" అనేది మా అమ్మ.

తర్వాత అన్నయ్య గాజు సీసాలు కొనుక్కొచ్చాడు. పెట్టెలన్నీ అటక ఎక్కాల్సిందే అనుకుంటుండగా పాత అట్టలు కొనేవాడు షాపు ముందు ఆగాడు. నలగని పెట్టెలుంటే వేరుగా పెట్టమన్నాడు, వాటికి మంచి ధర ఇస్తానన్నాడు. వదిన ఇంట్లోవీ, షాపులోవీ అన్నీ దులిపి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. "చెత్తకి కూడా ధర పలికించాను చూశావా" అని నా దగ్గర గొప్పలు పోయింది. నేనూ భేష్ అన్నాను. మామూలు అట్టకన్నా ఖాళీ పెట్టెకు ఎక్కువ ధర ఎందుకిస్తున్నాడని ఇంతమందిమి ఉండి ఒక్కరమూ అడగలేదు.

కొన్నాళ్ళకు అన్నయ్య దగ్గరికి స్కూటర్ మీద ఒక కొత్త మనిషి వచ్చాడు. కంపెనీ సరుకేనట, నేరుగా గోదాము నుంచి తెస్తున్నాడట, అందుకే తక్కువకట. సీలు సరిగ్గా ఉంది, అచ్చు సరిగ్గా ఉంది. అన్నయ్య రెండు జతల బ్రేక్ ప్యాడ్లు తీసుకున్నాడు.

ఒక జత ఆ మర్నాడు పొద్దున్నే కళ్ళజోళ్ళాయన బండిలోకి వెళ్ళింది. ఆయనది వీధి చివర కళ్ళద్దాల షాపు. మా వీధిలో బేరమాడని మనిషి ఆయనొక్కడే. తల్లి కొండ మీద ఊళ్ళో ఉంటుంది. ఎప్పుడొచ్చినా "కంపెనీదే ఇవ్వమ్మా, కొండెక్కి దిగే బండి" అనేవాడు. ఆ రోజు తల్లిని కిందికి తీసుకొచ్చే పని. అన్నయ్య పెట్టె ఇచ్చాడు, మెకానిక్ బిగించాడు, ఆయన వెళ్ళిపోయాడు.

వదిన ఇంటి పని ముగించుకుని మధ్యాహ్నానికి షాపుకొచ్చింది. ఇంకెవరో అవే ప్యాడ్లు అడిగితే రెండో పెట్టె తీసి మూత తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది. పెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పక్కనే ఉన్న నాకిచ్చి "వాసన చూడు" అంది.

"లవంగాలు" అన్నాను.

మూత తిప్పి చూపించింది. లోపల ఎర్రచుక్క. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ తుడిచి అమ్మిన ఖాళీ పెట్టెలో ఎవరో ఏదో సరుకు నింపి, కొత్త సీలు వేసి, ఆవిడ షాపుకే తెచ్చి అమ్మారు. దీంతోపాటు వచ్చిన పెట్టెలోది పొద్దున్నే కొండెక్కింది.

వెంటనే కళ్ళజోళ్ళాయనకు ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తి, ఫోన్ షాపులోనే మర్చిపోయి వెళ్ళారని చెప్పింది. ఎక్కేటప్పుడు బ్రేకులతో అంత పని ఉండదు. ఆయన తల్లిని ఎక్కించుకుని దిగకముందే మేం అక్కడుండాలి. వదిన మా పాత డీలరు దగ్గర కొన్న అసలు జతనూ, ఆ లవంగాల పెట్టెనూ ఒళ్ళో పెట్టుకుని నా టాక్సీ ఎక్కింది. మెకానిక్ జాకీతో వెనక సీట్లో కూర్చున్నాడు.

అన్నయ్య కిటికీ దగ్గరికి వంగాడు. "కంపెనీ వాళ్ళే ఆ సరుకు వెనక్కి తీసుకుంటున్నారని చెప్పు, చాలు. పెట్టెలూ గిట్టెలూ అంటూ మొదలుపెట్టకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది."

దారిలో నేనూ అదే నచ్చజెప్పాను. ప్యాడ్లు మారిస్తే ఆయనకు కావలసింది దొరికినట్టే, మిగతాది ఆయనకెందుకు, ఆయన నోరు విప్పితే రేపు షాపుకి ఎవరొస్తారు అన్నాను. నాకు అప్పటికి అది అబద్ధంలా అనిపించలేదు, లౌక్యంలాగే అనిపించింది.

"ఆ పెట్టె నాదయ్యా" అంది వదిన.

మేం చేరేసరికి ఆయన డిక్కీలో మూటలు సర్దుతున్నాడు. ముసలామె ముందు సీట్లో కూర్చుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది. వదిన కారు దిగుతూనే చెప్పేసింది. ఖాళీ పెట్టెలు అమ్మిన సంగతి, అవి నిండి తిరిగొచ్చిన సంగతి, వాటిలో ఏముందో తనకు తెలియదన్న సంగతి.

"తప్పు మాదే బాబాయి గారూ. ఈ బండి ఇలా దించకండి."

ఆయన చేతిలోని మూట కింద పెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది నాకు. ముసలామె కిటికీలోంచి చెయ్యి చాపి ఆ పెట్టె అడిగింది, వాసన చూసింది.

"మంచి లవంగాలేనే" అంది.

ఎవరూ నవ్వలేదు. మెకానిక్ చక్రం ఊడదీసి ప్యాడ్ బయటికి తీశాడు. ఒక్కసారి కొండెక్కినందుకే దాని అంచు పొడిపొడిగా రాలుతోంది. బొటనవేలితో నొక్కితే ఇంకాస్త రాలింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు వదినతో. "చెప్పావు. అయినా నాకు కోపంగానే ఉందమ్మా. ఏళ్ళ తరబడి మీ మాట మీద ఈ దారిలో తిరిగాను."

అసలు ప్యాడ్లు బిగించాక ఆయన మా వెనకే బయల్దేరాడు. కొండ కిందికి వచ్చేదాకా వదిన మెడ వెనక్కి తిప్పి ఆయన బండినే చూస్తూ కూర్చుంది.

అన్నయ్య భయపడ్డట్టే అయింది. సంగతి వీధంతా పాకింది. కళ్ళజోళ్ళాయన షాపుకి రావడం మానేశాడు, ఆయన్ని చూసి ఇంకొందరు మానేశారు. స్కూటర్ మనిషి మళ్ళీ కనిపించలేదు, అట్టలవాడూ అంతే. అన్నయ్య రోజూ సాయంత్రం అన్నం ముందు కూర్చుని "చెప్పానా" అనేవాడు, వదిన వడ్డిస్తూనే ఉండేది. అప్పటినుంచే పెట్టెలు చింపడం మొదలుపెట్టింది. ఎందుకు చింపుతున్నావని అడిగినవాళ్ళందరికీ లవంగాల దగ్గరనుంచి మొత్తం చెప్పేది. నాకు ఒళ్ళు మండేది. ఊరు మర్చిపోతున్న తప్పును రోజూ మళ్ళీ దండోరా వేయడం ఏం తెలివి అని దెబ్బలాడాను కూడా.

"మర్చిపోయి వచ్చేవాళ్ళు నాకెందుకు?" అంది.

ఏడాది దాటాక ఒక రోజు నేను వైపర్ల కోసం బేరమాడుతుండగా కళ్ళజోళ్ళాయన లోపలికొచ్చాడు. నేను పక్కకి ఒదిగాను. ఆయన పక్క అద్దం ఎవరో గుద్దేసి పోయారట.

"కంపెనీది ఉంది, మామూలుదీ ఉంది" అంది వదిన.

"నువ్వైతే ఏది కొంటావు?"

"అద్దానికి మామూలుది చాలు బాబాయి గారూ."

"అదే ఇవ్వు."

మామూలు సరుక్కి పెట్టె ఉండదు. వదిన అద్దాన్ని పాత కాగితంలో చుడుతూ తల దించుకుంది. చింపడానికి ఏమీ లేక ఆవిడ చేతులు ఆ కాగితాన్నే మళ్ళీ మళ్ళీ సర్దాయి.

ఆయన పొట్లం అందుకుని గడప దగ్గర ఆగాడు. "వచ్చే నెల అమ్మని మళ్ళీ పైకి తీసుకెళ్ళాలి. బ్రేకులు మార్పిస్తాను" అన్నాడు. "పెట్టె నేనే చింపుతాను, నువ్వు చింపకు."