రంగుల ఫ్యాన్లు, రెండు మెమోలు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇది నా సర్వీసు చివరి ఏడాదిలో, మార్చి మొదటి వారంలో మొదలైన సంగతి. రెండో బ్లాకు కంట్రోల్ రూమ్‌లో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది అమర్చే పని నాకు అప్పగించారు. ఆ కంప్యూటర్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కంట్రోల్ రూమ్ సంగతి బయటివారికి కొంచెం చెప్పాలి. రియాక్టర్లు కింది అంతస్తులో ఉంటాయి. వాటి ఉష్ణోగ్రత, ఒత్తిడి పైన కంప్యూటర్ తెర మీద కనిపిస్తాయి. రియాక్టర్ వేడెక్కుతుంటే ఆపరేటరు తెర మీదనుంచే బ్రైన్ వాల్వు తెరుస్తాడు. బ్రైన్ అంటే సున్నా కన్నా దిగువకు చల్లబరిచిన ఉప్పునీళ్లు. తెర ఆరిపోతే ఆ వాల్వు ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. రియాక్టర్ లోపలి వేడి మాత్రం ఆగదు. అప్పుడు మనిషి మెట్లు దిగి పరుగెత్తి చేత్తో బైపాస్ వాల్వు తిప్పాలి.

అలాంటి చోటికి హెడ్డాఫీసు కొనుగోలు విభాగంవారు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా ఆటల కంప్యూటర్ ఒకటి పంపారు. పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు, ప్రాసెసర్‌ను చల్లబరచడానికి నీటి పంపు, మూడు ఫ్యాన్లు ఉన్న కూలర్. నీటి ఏర్పాటు చెడ్డదని అనను. కానీ పంపు, ఫ్యాన్లు ఎంత వేగంగా తిరగాలో మదర్‌బోర్డు చెప్పదట, కూలర్ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేరే చెప్పాలట. దానికి ఒక ఖాతా కావాలి, ఆ ఖాతాకు ఈమెయిలు కావాలి, వారానికో అప్‌డేట్ కావాలి. కంట్రోల్ రూమ్ కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఉండదు, ఉండకూడదు. ముప్పై ఏళ్ల సర్వీసులో గాలి విసరడానికి పాస్‌వర్డ్ అడిగిన యంత్రాన్ని నేను చూడటం అదే మొదలు.

తిట్టుకుంటూనే ఒకసారి ఆఫీసు నెట్‌కు తగిలించి ఖాతా తెరిచి, నా లాగిన్‌తో ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించాను. వేగం సెట్ చేసి సేవ్ నొక్కితే మర్నాటికి మరిచిపోయేది. మళ్లీ పెడితే తెర బిగుసుకుపోయేది. మూడు రోజులు దానితో తలపట్టుకుని కూర్చున్నాక, ఫ్యాన్లు ఒక తీరున తిరగడం మొదలుపెట్టాయి. ఇక దాన్ని కదిలించవద్దని నా లాగిన్ అలాగే తెరిచి ఉంచి వచ్చేశాను. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మూడు గంటలకు ఆ కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయింది. రెండు గంటలకు మొదలైన బీ షిఫ్టులో ఆ రోజు ఉన్నది యాదగిరి. ముత్తంగి పక్క ఊరివాడు, పంతొమ్మిదేళ్లుగా మా ఫ్యాక్టరీలో ఆపరేటరు. అసలు అతని డ్యూటీ మూడో బ్లాకులో. రెండో బ్లాకులో ఎవరైనా సెలవు పెడితే రిలీవరుగా వస్తాడు. తెర ఆరగానే కిందికి పరుగెత్తి వాల్వు తిప్పి రియాక్టర్‌లో తయారవుతున్న బ్యాచ్‌ను కాపాడాడు.

మందుల ఫ్యాక్టరీలో ఏది దారి తప్పినా డీవియేషన్ రిపోర్టు రాయాలి. అందులో మూల కారణం అని ఒక గడి ఉంటుంది, అది నింపనిదే ఫైలు మూయరు. నేను కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, నా లాగిన్‌తో తెరిచి గంటసేపు చూశాను. చక్కగా నడిచింది. యాదగిరి తానేమీ ముట్టలేదన్నాడు. కారణం దొరకనప్పుడు మా పారిశ్రామికవాడలో అందరూ రాసేదే నేనూ రాశాను: మానవ తప్పిదం, ఆపరేటరు పొరపాటున పవర్ బటన్ నొక్కి ఉండవచ్చు, తిరిగి శిక్షణ ఇచ్చాం. సంతకం పెట్టాను. ఫైలు మూసేశారు, యాదగిరికి మెమో ఇచ్చారు.

ఏప్రిల్‌లో అతను మళ్లీ రిలీవరుగా వచ్చాడు, కంప్యూటర్ మళ్లీ మూడింటికే ఆగింది. ఈసారి రియాక్టర్‌లోకి రసాయనం వదులుతున్న సమయం. అతను కిందికి చేరేలోపు ఉష్ణోగ్రత హద్దు దాటింది, బ్యాచ్‌ను బయటికి పంపకుండా హోల్డ్‌లో పెట్టారు. రెండో మెమోతో పాటు ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో వారంలోగా చెప్పాలని నోటీసు కూడా ఇచ్చారు. రెండో బ్లాకులో రోజూ పనిచేసే మిగతా ముగ్గురు ఆపరేటర్ల చేతిలో ఏ గొడవా లేదు, ఇతని చేతిలోనే ఎందుకు ఆగుతోందని ప్లాంటు మేనేజరు నన్నే అడిగారు.

నోటీసు పట్టుకుని యాదగిరి నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనేం ముట్టలే సార్. పొద్దుగాల షిఫ్టోళ్లు లేవంగనే లాగౌట్ కొట్టిన, నా పేరుతోని లాగిన్ అయిన. గంతే. మీరే గదా గట్ల నేర్పింది."

అతను వెళ్లాక ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. నిజమే, నేర్పింది నేనే. షిఫ్టు మారగానే పాతవాడు లాగౌట్ కావాలి, కొత్తవాడు తన పేరుతో లాగిన్ కావాలి. అది రాతలో ఉన్న పద్ధతి. ఆచరణలో ఎవడు చేస్తున్నాడు?

ఆదివారం ఉదయం బ్లాకు ఖాళీగా ఉన్నప్పుడు యాదగిరిని పిలిపించాను. అద్దం పలక ఊడదీసి లోపల చేయి పెట్టి చూస్తే, నా లాగిన్‌లో ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి. అతని లాగిన్‌తో తెరవమన్నాను. లైట్లు ఇంకా ధగధగమన్నాయి, ఫ్యాన్లు మెల్లగా ఆగిపోయాయి. తెర మీద మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ ఆగిన ఫ్యాన్లకు నిమిషానికి ఇన్ని చుట్లని అంకె చూపిస్తూనే ఉంది. గంట గడిచేసరికి ప్రాసెసర్ మాడిపోకుండా కంప్యూటర్ తనంతట తాను ఆగిపోయింది.

సంగతి ఇది. ఫ్యాన్లకు ఆజ్ఞ ఇవ్వాలంటే ఆ ప్రోగ్రాముకు అడ్మిన్ అధికారం కావాలి. నా లాగిన్‌కు అది ఉంది, ఆపరేటర్లకు ఉండదు. అధికారం లేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. అది చెప్పకపోగా పాత అంకె చూపించి అబద్ధమాడింది. రసాయనాల పక్కన నిలబడి పనిచేసే మనుషుల దగ్గర అబద్ధమాడే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవాణ్ని ఒక్క రోజు మా రెండో బ్లాకులో నిలబెట్టాలనిపించింది.

కూలర్ కంపెనీకి రాశాను. ఆపరేటర్లందరికీ అడ్మిన్ అధికారం ఇవ్వమని, తమ సేవకు ఐదింటికి ఎన్ని స్టార్లు ఇస్తారో తెలపమని జవాబొచ్చింది. మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరుకు ఆ అధికారం ఇస్తే గడియారం మార్చొచ్చు, రికార్డులు చెరిపేయొచ్చు. ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ఉచితంగా దొరికే మరో ఫ్యాన్ ప్రోగ్రామును ఇంట్లో నా కంప్యూటర్‌లో పెట్టి చూశాను. బుద్ధిగా పనిచేసింది కానీ దానికీ అడ్మిన్ కావాలి. చివరికి ప్రోగ్రామే లేని దారి పట్టాను. సికింద్రాబాద్‌లో ఒక మామూలు కూలర్ కొన్నాను. ఒక ఇనుప చట్రం, రేకుల దొంతర, ఒక నల్ల ఫ్యాను. దాని వైరు నేరుగా మదర్‌బోర్డుకు తగిలించి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కనిపించే బయోస్‌లోనే వేగం పెట్టాను. ఇక ఎవరు లాగిన్ అయితే దానికేం? యాదగిరి లాగిన్‌తో ఒక షిఫ్టు పొడవునా నడిపి చూశాం. ఫ్యాను తిరిగింది, తెర ఆరలేదు.

మిగిలింది రిపోర్టు. మిగతా ముగ్గురి చేతిలో కంప్యూటర్ ఎందుకు ఆగలేదో రాయకుండా యాదగిరి తప్పు లేదని నిరూపించలేను. వాళ్లు లాగౌటే కాలేదు. నేను తెరిచి ఉంచిన లాగిన్ మీదే నెలన్నర పని చేశారు. నేను సెలవులో ఉన్న రోజుల బ్యాచ్ రికార్డుల్లో కూడా వాల్వులు తిప్పినట్టు నా పేరే ఉంది. మా రంగంలో అది చిన్న తప్పు కాదు.

క్వాలిటీ విభాగం చూసే సుజాత గారు నా ముసాయిదా చదివి, కంప్యూటర్ పాడైందని రాసి ముగించవచ్చు కదా, రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని ఇదంతా ఎందుకన్నారు. నా మేలు కోరే అన్నారు. అలా రాస్తే పవర్ బటన్ అనుమానం యాదగిరి మీద అలాగే ఉండిపోతుందన్నాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది, ముగ్గురు ఆపరేటర్లను మళ్లీ శిక్షణకు పంపారు. యాదగిరి నోటీసును, రెండో మెమోను వెనక్కి తీసుకున్నారు.

మొదటి మెమో తీయలేదు. మూసిన డీవియేషన్‌ను తిరిగి తెరిస్తే ఆడిటర్లకు జవాబు చెప్పుకోవాలట. మేనేజరును రెండుసార్లు అడిగాను, రెండోసారి గొంతు పెంచి అడిగాను. ఆయన కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నారు.

యాదగిరికి అంతా వివరించి చెప్పాను. చివరిదాకా విని ఒక్క మాట అన్నాడు.

"అంటే సార్, నేను గూడ అందరి లెక్క మీ లాగిన్ మీదనే పని జేస్తే నాకీ మెమోలు రాకపోతుండె."

అవునన్నాను. అతను హెల్మెట్ పెట్టుకుని మూడో బ్లాకుకు వెళ్లిపోయాడు.

యంత్రం ఒకే మనిషి చేతిలో ఆగుతుంటే, మిగతావాళ్లు చేయనిది అతను ఏం చేస్తున్నాడో ముందు అడగాలి. ఈ సంఘటన నాకు నేర్పింది ఇదే. ఆ ప్రశ్న మార్చిలోనే అడిగి ఉండవలసింది, అడగలేదు. యాదగిరి ఫైల్లో మొదటి మెమో ఇంకా ఉంది. దానికి ఆధారమైన రిపోర్టు కింద ఉన్న సంతకం నాది.